తెలియదు డాక్టరుగారి ఐదో గడి

"ముప్పావుగంట కూర్చోబెట్టారు. నాలుక చాపమన్నారు, చాపాను. బుగ్గలు పూరించమన్నారు, పూరించాను. కళ్ళు గట్టిగా మూసుకోమన్నారు, మూసుకున్నాను. తీరా కళ్ళు తెరిచాక తెలియదంటారేంటండీ!"

"తెలియదు కాబట్టి అన్నాను."

"అసలు మీరు డాక్టరేనా?"

"డాక్టర్నే. బయట బోర్డు కూడా ఉంది."

"డాక్టరై ఉండి తెలియదంటే ఎలాగండీ? నేను టైలర్ని. ఎవరైనా చొక్కాగుడ్డ తెస్తే, చేతులు ఎలా కుట్టాలో నాకు తెలియదంటానా?"

"మూడు చేతులున్నవాడొస్తే?"

బయట బెంచీ మీద కూర్చున్న నేను మూడో చెయ్యి ఎక్కడ కుట్టాలా అని ఆలోచనలో పడ్డాను.

"మూడు చేతులవాడు నా దగ్గరికెందుకొస్తాడండీ?"

"అదే నేనూ అంటున్నాను. తినేటప్పుడు ఒక్క కుడికన్ను మాత్రమే ఏడ్చే మనిషి నా దగ్గరికి ఇంతవరకూ రాలేదు. మీరే మొదలు. ఉండండి, రాసుకుంటా."

తలుపు ధడాలున తెరుచుకుంది. టైలరు మెడలో టేపు అలాగే వేలాడుతూ ఉంది. నన్ను చూసి ఆగాడు. "ఇంకా ఇక్కడెందుకయ్యా కూర్చున్నావు? లే. ఆయనకేమీ తెలియదట," అనేసి చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

నేను లేవలేదు. డాక్టరు మీద నమ్మకంతో కాదు, లేచి వెళ్ళడానికి నాకు వేరే చోటు లేక.

ఆ డాక్టరుగారికి ఉన్న వింత అలవాటు ఇదొక్కటే. తెలియనిదాన్ని తెలియదని రోగి ముఖం మీదే చెప్పేవారు. చెప్పి ఊరుకున్నా బాగుండేది. నీలం అట్ట నోటుపుస్తకం తీసి, తేదీ వేసి, రోగి చూస్తుండగా అందులో రాసుకునేవారు. మిగతా డాక్టర్లకు తెలియనివి ఉండవా అంటే ఉంటాయి. వాళ్ళు వాటిని గ్యాస్ అంటారు, వైరస్ అంటారు, మరీ ఏమీ తోచకపోతే వయసు అంటారు. ఈయన తెలియదు అనేవారు. అందుకే ఊరంతా ఆయనకి 'తెలియదు డాక్టరు' అని పేరు పెట్టేసింది. అడ్రసు అడిగితే రిక్షావాడు కూడా "తెలియదు డాక్టరా? తెలుసు, ఎక్కండి" అనేవాడు.

ఆయన దగ్గర ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న సిస్టరు కొత్తవాళ్ళకు ముందే సర్దిచెప్పేది. "ఆయన తెలియదన్నారంటే మీకేం ప్రమాదం లేదని అర్థం. కంగారు పడాల్సిన జబ్బయితే ఆయనకి వెంటనే తెలుస్తుంది, పుస్తకం జోలికి పోకుండా చీటీ రాసి పెద్దాసుపత్రికి తరిమేస్తారు. కాబట్టి తెలియదనాలని దణ్ణం పెట్టుకుని లోపలికెళ్ళండి."

నేను దణ్ణం పెట్టుకోకుండానే వెళ్ళాను.

"ఏంటి ఇబ్బంది?"

"సాయంత్రం ఆరు కొట్టేసరికి గుండె దడ సార్. గంటా గంటన్నర కొట్టుకుని అదే ఆగుతుంది."

"ఏం చదువుతున్నావు?"

"మానేశాను."

"ఎందుకు?"

"తెలియదు."

ఆయన ముఖం వెలిగిపోయింది. ఎన్నాళ్ళకో సొంత భాష మాట్లాడే మనిషి దొరికినట్టు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "రాసుకున్నావా?"

"ఏం రాసుకోవాలి?"

"తెలియదన్నావుగా. రాసుకోకపోతే మర్చిపోతావు. కొన్నాళ్ళకి తెలుసనుకుంటావు కూడా. అది ఇంకా ప్రమాదం."

ఈసీజీ తీశారు. రక్తం తీశారు. గోళ్ళు చూశారు, మెడ తడిమారు. ఎక్కడుంటావంటే గది అన్నాను. గదిలో ఎవరుంటారంటే నేనన్నాను. కిటికీలోంచి ఏం కనబడుతుందని అడిగారు. అదేం ప్రశ్నో నాకర్థం కాలేదు. పక్కింటి గోడ అని చెప్పాను. మాట్లాడటానికి ఎవరున్నారంటే, భోజనం పార్సిలు కట్టే అతనితో రోజూ "ఒకటి" అంటాననీ, అతను "ఒకటేనా?" అంటాడనీ చెప్పాను. మా నాన్న నాతో మాట్లాడటం మానేసి అప్పటికి ఎనిమిది నెలలు. ఆ ముక్క నేను చెప్పలేదు, ఆయన అడగలేదు.

రెండు రోజుల తర్వాత రిపోర్టులు చూసి తేల్చేశారు. "గుండె బాగుంది. థైరాయిడ్ బాగుంది. రక్తమైతే నాకంటే బాగుంది. మరి దడ ఎందుకో తెలియదు. రాసుకుంటా."

టైలరుది రెండు నిమిషాల్లో రాశారని విన్నాను. నాది పది నిమిషాలు రాశారు. నేను ఓరచూపు వేస్తే పరీక్షలో ముందుబెంచీ పిల్లాడిలా ఎడంచెయ్యి అడ్డం పెట్టారు. రాసి, మూసి, అడిగారు.

"టైపింగ్ వచ్చా?"

"వచ్చు."

"రేపటినుంచి సాయంత్రం ఐదున్నరకి రా. ఎనిమిదింటిదాకా పనుంటుంది."

దడకి మందడిగితే ఉద్యోగం ఇచ్చిన డాక్టర్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

పని ఏంటంటే, డాక్టర్లు పట్టా పుచ్చుకున్నాక కూడా చదువుతూనే ఉండాలట. ఈ సంగతి విన్నప్పుడు కాలేజీ మానేసినవాడిగా నాకు వాళ్ళ మీద మొదటిసారి జాలేసింది. ఐదేళ్ళకోసారి వాళ్ళ వైద్యమండలికి లెక్క చెప్పుకోవాలి. కోర్సులకీ సదస్సులకీ వెళ్ళి వంద పాయింట్లు తెచ్చుకోవాలి. అది చాలదన్నట్టు ఈసారి కొత్తగా, ఒక్కొక్కరూ సొంతంగా ఒక అభ్యసన ప్రణాళిక రాసి వెబ్‌సైట్‌లో పెట్టాలన్నారు. నాకేం రాదు, అది ఎందుకు రావాలి, ఎలా నేర్చుకుంటాను, ఎప్పటికల్లా, దీని గురించి ఏ తోటి డాక్టరుతో చర్చించాను. మొత్తం ఐదు గళ్ళు.

మిగతా డాక్టర్లు ఆ ఫారం చూసి తలలు పట్టుకున్నారట. ఏమీ రాదని కాగితం మీద పెట్టడం వాళ్ళకి అలవాటు లేదు. ఈయన మాత్రం బీరువా తెరిచి ముప్పై ఒక్క నోటుపుస్తకాలు తీసి నా ముందు పెట్టారు. ప్రతి పేజీలోనూ అవే ఐదు గళ్ళు, స్కేలు పెట్టి గీసి ఉన్నాయి. మండలికి ఆ ఆలోచన రాకముందు ఇరవై ఏళ్ళ నుంచీ ఆయన అదే పని చేస్తున్నారు.

"అన్నీ ఎక్కించాలా సార్?"

"తెలియనివన్నీ ఎక్కించు. తెలిసినవి అక్కర్లేదు."

మొదటి పుస్తకం తెరిచాను. తెలియనిది: ఎక్కిళ్ళు. ఎందుకు తెలియాలి: పోస్టుమేన్‌కి పదకొండు రోజులుగా ఆగడం లేదు. ఎలా తెలుసుకుంటాను: లైబ్రరీ, మా పాత ప్రొఫెసరుకి ఉత్తరం. ఎప్పటికల్లా: వెంటనే. ఐదో గడిలో ఇంకెవరిదో చేతిరాత, ఎర్ర సిరాతో: 'నిన్ననే ఆగిపోయాయి. ఉత్తరం ఇస్తూ నాకు చెప్పాడు. నువ్వింకా లైబ్రరీలోనే ఉన్నావు.'

ఇంకో పేజీ. తెలియనిది: ఆవలిస్తే చెవిపోటు పెరగడం. ఐదో గడి: 'చెవిలోకి మూడుసార్లు తొంగిచూశావు. దవడ కీలు చూశావా? చూడవు. 214వ పేజీ చదివి పడుకో.'

"ఎవరు సార్ ఈవిడ? నోరు చాలా దురుసు."

"మా ఆవిడ."

"డాక్టరా?"

"నాకంటే మంచి డాక్టరు. ఆ మాట కూడా రోజూ ఆవిడే చెప్పేది."

నాకావిడ నచ్చింది. రోజూ ఐదున్నరకి వెళ్ళి, ఆయన నలుపు, ఆవిడ ఎరుపు టైపు చేస్తుంటే సినిమా చూసినట్టుండేది. ఆయన ఒక పేజీలో 'గురక' అని రాస్తే, ఆవిడ 'దీనికి పుస్తకాలక్కర్లేదు, నువ్వు పడుకున్నాక నన్నడుగు' అని రాసింది. నేను ఒక్కణ్ణే కూర్చుని పైకి నవ్వేవాణ్ణి. పక్కగదిలో రోగిని చూస్తున్న ఆయన "ఎన్నో పేజీ?" అని అక్కణ్ణించే అడిగేవారు. చెబితే ఆయన కూడా నవ్వేవారు. నోరు తెరుచుకుని ఉన్న రోగికి ఏమీ అర్థమయ్యేది కాదు.

ఇరవై నాలుగో పుస్తకంలో, సగం దాకా వచ్చాక, ఎర్ర సిరా ఆగిపోయింది. తేదీ చూశాను. ఆరేళ్ళ కిందటిది. ఆ తర్వాత కూడా ఐదో గడి ఉంది. ప్రతి పేజీలోనూ స్కేలు పెట్టి గీశారు. లోపలేమీ లేదు. అక్కణ్ణించి చివరి పుస్తకం దాకా అంతే.

ఆ రోజు ఆయన "ఎన్నో పేజీ?" అని అడగలేదు. నేనూ ఏమీ అడగలేదు.

వెబ్‌సైట్‌కి మాత్రం ఈ మర్యాదలు పట్టవు. ఐదో గడి నింపనిదే ముందుకు పోనన్నది. చివరికి నేనొక చుక్క పెట్టాను. చుక్క చాలట, పోయింది. అలా పేజీకొక చుక్క చొప్పున ఆరేళ్ళు దాటించాను.

ఆ తర్వాత బయటపడింది అసలు సంగతి.

"సార్, మీకు వంద పాయింట్లుండాలి. ఇక్కడ ఏడే చూపిస్తోంది. వెబ్‌సైట్ తప్పా?"

"కాదు. ఏడే."

"ఐదేళ్ళలో ఏడా! సదస్సులకి వెళ్ళరా?"

"ఒక్కటీ మానను."

"మరి?"

"ఏడే అర్థమయ్యాయి."

ఈయనతో వాదించి లాభం లేదని ఆ ఆదివారం వెంట వెళ్ళాను. పెద్ద హోటలు హాలు. ఎనభై మంది డాక్టర్లు. అందరూ వెనక వరసల్లో, తలుపుకి దగ్గరగా. ముందు వరసలో ఈయనొక్కరే, ఒళ్ళో నీలం పుస్తకం. ఉపన్యాసం ఒంటిగంటకి ముగిసింది. పక్కహాల్లోంచి భోజనం వాసన వస్తోంది. "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అని వక్త మాటవరసకి అడిగాడు. ఎనభై మంది సగం లేచారు. ఈయన పూర్తిగా లేచారు.

"ఆ మూడో బొమ్మలో బాణం కిందికెందుకుంది?"

వక్త మూడో బొమ్మకి వెనక్కి వెళ్ళాడు. చూశాడు. ముందుకెళ్ళాడు. మళ్ళీ వెనక్కొచ్చాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. వెనకనుంచి ఎవరో "పైకే ఉందనుకోండి సార్, పోదాం" అన్నారు. చివరికి వక్త చెమట తుడుచుకుని, "ఈ బొమ్మ నేను గీసింది కాదండీ, ఎవరో ఇచ్చారు," అని ఒప్పేసుకున్నాడు.

"అంటే మీకూ తెలియదా!" అంటూ ఈయన పెళ్ళికొడుకు దొరికినంత సంతోషంగా వేదికెక్కి ఆయనకి షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

భోజనాల దగ్గర ఈయన పళ్ళెం పట్టుకుని ఒక బల్ల దగ్గరికి వెళితే, అక్కడున్న నలుగురూ మంచినీళ్ళ కోసం లేచారు. ఇంకో బల్ల దగ్గరికెళితే వాళ్ళకి ఫోన్లొచ్చాయి. చివరికి ఒక స్తంభం పక్కన నిలబడి, పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టుకుని, పుస్తకం తెరిచి, ఆ బాణం బొమ్మ వేసుకుంటూ తిన్నారు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఇద్దరం స్తంభానికి చెరోవైపు నిలబడి తిన్నాం.

బయటికొచ్చేటప్పుడు గుమ్మంలో అమ్మాయి సర్టిఫికెట్ ఇచ్చింది. ఈయన తిరిగిచ్చేశారు.

"నాకు అర్థం కాలేదమ్మా."

"ఇది అర్థమైనందుకు కాదు సార్, హాజరైనందుకు."

"హాజరైనట్టు నాకు గుర్తుంది. దానికి కాగితమెందుకు?"

ఐదేళ్ళలో ఆయన అలా తిరిగిచ్చిన సర్టిఫికెట్లు ముప్పై ఒకటి. దారిలో నేను ఉన్నమాట అనేశాను. "సార్, మీకు పిచ్చి."

ఆయన నాలుగడుగులు ఆలోచించారు. "అయ్యుండొచ్చు. తెలియదు."

"రాసుకుంటారా?"

"రాసుకుంటా."

వారం తిరక్కుండా మండలినుంచి ఉత్తరం వచ్చింది. పాయింట్లు చాలనందుకు గురువారం వచ్చి సంజాయిషీ ఇచ్చుకోవాలి. అది నచ్చకపోతే నెలాఖరునుంచి రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. రిజిస్ట్రేషన్ లేకపోతే ఆయన బోర్డు దించేయాలి, చీటీ ముక్క మీద మందు పేరు కూడా రాయకూడదు. ఈయన ఉత్తరం చదివి, మడిచి, నోటుపుస్తకంలో పెట్టుకుని, తర్వాతి రోగిని పిలిచారు.

సిస్టరు నన్ను మందుల గదిలోకి లాగింది. "ఏమయ్యా, కంప్యూటరు ముందు కూర్చుంటావుగా, ఏదో ఒకటి చెయ్యి. ఈ గదికి తాళం పడితే ఆయన మేడమీదికెళ్తారు. మేడమీద ఎవరున్నారని?"

మేడమీది ఆయన ఇంటికి నేనోసారి పుస్తకాల కోసం వెళ్ళాను. భోజనాల బల్లకి రెండు కుర్చీలు. ఒకదాని మీద ఆయన తువ్వాలు. రెండోదాని ముందు బల్ల మీద లావుపాటి వైద్యగ్రంథం, 214వ పేజీ దగ్గర తెరిచి ఉంది. పేజీ మీద దుమ్ము లేదు.

చదవడం మానేశానని చెప్పుకునే నేను ఆ రాత్రి మండలి నిబంధనలన్నీ చదివాను. కాలేజీలో ఒక్క పుస్తకమైనా అంత శ్రద్ధగా చదివుంటే మా నాన్న నాతో మాట్లాడేవాడు. పదిహేడో పేజీలో దొరికింది. సదస్సులే కాదు, సొంతంగా చదువుకున్నదానికి కూడా పాయింట్లు ఇవ్వొచ్చట. కాకపోతే ఆ చదువు వల్ల రోగికి మేలు జరిగినట్టు రోగే రాసి సంతకం పెట్టాలి.

చచ్చాం అనుకున్నాను. ఈయన ముఖం మీద తెలియదని పంపించేసినవాళ్ళు సంతకాలు పెడతారా? తిట్టి పంపిస్తారు. అయినా పుస్తకాల్లోంచి అడ్రసులు రాసుకుని, ఎలాగూ తిట్లు తప్పవు గదా, పెద్ద తిట్లతోనే మొదలుపెడదామని ముందు టైలరింటికెళ్ళాను.

మధ్యాహ్నం. భార్యాభర్తలు భోంచేస్తున్నారు. ఆయన కుడికన్ను ధారగా కారుతోంది. ఎడమకన్ను పొడిగా నన్ను చూసింది. "ఓహో! బెంచీ మీద కుర్రాడివి కదూ?"

నేను వచ్చిన పని చెప్పి, తిట్ల కోసం సిద్ధంగా నిలబడ్డాను.

"నెల కిందట వచ్చాడయ్యా మీ డాక్టరు," అన్నాడు టైలరు. "సరిగ్గా మేము తినే వేళకి. 'ఇప్పుడు తెలిసింది, చెప్పి పోదామని వచ్చాను' అన్నాడు. నాకు కిందటేడు మూతి వంకరపోయింది. అప్పుడు దెబ్బతిన్న నరం మళ్ళీ పెరుగుతూ పెరుగుతూ దారి తప్పిందట. నోట్లో నీళ్ళూరించాల్సింది పోయి కంట్లో ఊరిస్తోందట."

ఆయన భార్య అందుకుంది. "ఏడాదిగా నా వంట తింటూ ఏడుస్తున్నాడనుకున్నాను బాబూ. ఎదురుగా కూర్చోవడమే మానేశాను. వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి తినేదాన్ని. ఈయనేమో ఇక్కడ ఒక్కడే. ఆ డాక్టరుగారొచ్చి, 'అమ్మా, కన్ను తడిసిందంటే వంట బాగుందని అర్థం' అన్నారు."

"ఇంజెక్షనుందట, కావాలంటే రాస్తానన్నాడు. ఈవిడ వద్దంది."

"ఎందుకొదులుకుంటాను? ఇప్పుడు కన్ను తడవకపోతేనే అడుగుతున్నాను, ఏం, ఉప్పు తగ్గిందా అని."

టైలరు సంతకం పెట్టి, ఆగి, "మూడు చేతులవాడు గనక వస్తే కుట్టడానికి నేను రెడీ అని చెప్పు," అన్నాడు.

రెండో ఇల్లు పోస్టుమేన్‌ది. రిటైరై చాలా ఏళ్ళయింది. "ఎక్కిళ్ళు ఆగిపోయిన నెలకొచ్చాడు. ఆగిపోయాయి కదండీ అంటే, ఎందుకొచ్చాయో మీకు తెలియాలిగా అని గంటసేపు బొమ్మలేసి చెప్పాడు. ఆ బొమ్మలు చూసి మళ్ళీ వస్తాయేమోనని భయపడ్డాను," అని పడిపడి నవ్వాడు.

ప్రతి ఇంట్లోనూ ఇదే. వచ్చాడు. కూర్చున్నాడు. చెప్పాడు. కొందరికి వారంలో, కొందరికి ఏడాదికి, ఒకాయనకి నాలుగేళ్ళ తర్వాత. నోటుపుస్తకాల్లో ఈ రాకపోకలకి గడి లేదు. ఆరో గడి గీసుకోవాలని ఆయనకి తోచినట్టు లేదు.

మూడో అంతస్తులో బట్టలు ఇస్త్రీ చేసే ఒక పెద్దావిడ ఉండేది. అరికాళ్ళ మంట. లిఫ్టు లేదు. నేను ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. "మీ జబ్బేంటో తెలిసిందని చెప్పారా అమ్మా?" అని అడిగాను.

"లేదు నాయనా. ఇంకా తెలియలేదని చెప్పి వెళ్ళాడు. ఇప్పటికి మూడుసార్లు."

"తెలియలేదని చెప్పడానికా? మూడుసార్లా?"

"ఆఁ. ఇంకా వెతుకుతున్నానమ్మా, మర్చిపోలేదు అని చెప్పడానికి." ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కకి పెట్టింది. "ఇన్ని మెట్లెక్కి నా కొడుకే రాడు. ఏదీ, సంతకం ఎక్కడ?"

నలభై మూడు సంతకాలయ్యాయి. ఒక్కడూ తిట్టలేదు. తిట్లకి సిద్ధపడి వెళ్ళినవాడికి అవి దొరక్కపోతే ఏదోలా ఉంటుంది.

గురువారం పొద్దున బయల్దేరే ముందు ఒక్క పనే మిగిలింది. ముప్పై ఒకటో పుస్తకంలో చివరి పేజీలు ఎక్కించాలి. టైలరు పేజీ అయింది. తర్వాతి పేజీ తిప్పాను. ఎడంచెయ్యి అడ్డం పెట్టి రాసిన పేజీ అదే.

తెలియనిది: కుర్రాడు, ఇరవై రెండు. సాయంత్రం ఆరింటికి గుండె దడ. పరీక్షలన్నీ సవ్యం. ఎందుకు తెలియాలి: ఆరేళ్ళుగా నాకూ అదే వేళకి వస్తోంది. ఎలా తెలుసుకుంటాను: ఆ వేళకి ఇద్దరం ఒకేచోట ఉండి చూడాలి. ఏదైనా పని కల్పించాలి. ఎప్పటికల్లా: తొందరేం లేదు.

ఐదో గడి ఖాళీ.

నేను ఆ పేజీ ఎక్కించలేదు. నాకు దడ వచ్చి ఎన్నాళ్ళయిందో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. రెండు నెలలు దాటింది. పోయిందని కూడా గమనించలేదు.

మండలి ఆఫీసులో మా ఫైలు చూసేది ఒక డాక్టరమ్మ. యాభై దాటి ఉంటాయి. చుట్టూ ఫైళ్ళు, ముందు కంప్యూటరు, కళ్ళజోడు ముక్కు చివర.

"మీ పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళండి," అని కీబోర్డు ఆయన వైపు తిప్పింది.

ఆయన పది వేళ్ళూ కీబోర్డు మీద పెట్టి, దానివంక చూడకుండా, కిటికీలోంచి బయటికి చూస్తూ, టకటకా కొట్టేశారు. నాకంటే మూడింతలు వేగం.

"సార్! మీకు టైపింగ్ వచ్చా?"

"మా ఆవిడ థీసిస్ నేనే కొట్టాను."

"మరి రాదన్నారు?"

"ఎప్పుడన్నాను? నీకొచ్చా అని అడిగాను."

నిజమే. ఆ మనిషి తనకి తెలిసినదాన్ని తెలియదని ఏ రోజూ అనలేదు.

డాక్టరమ్మ తెరమీద కిందికి కిందికి పోయింది. "తెలియనివి నాలుగు వేల చిల్లర పెట్టారు. మిగతావాళ్ళు మూడు పెడతారు." ఇంకా కిందికి పోయి ఆగింది. "ఈ చుక్కలేంటి?"

"నేను పెట్టాను మేడం," అన్నాను. "ఖాళీగా ఉంటే ముందుకు పోనంటోంది మీ వెబ్‌సైట్."

"ఖాళీగా ఎందుకుంది? ఎవరితోనూ చర్చించలేదా?"

"ఆ గడిలో రాసే మనిషి లేదు," అన్నారాయన.

ఆవిడ చుక్కల్ని దాటుకుంటూ వెనక్కి, వెనక్కి పోయింది. ఎర్ర సిరా మాటలు దొరికాయి. చదివింది. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చదివింది. గురక పేజీ దగ్గర ఆఫీసులో నలుగురూ తలతిప్పి చూసేలా నవ్వింది. నేను సందు చూసుకుని నలభై మూడు సంతకాలు బల్లమీద పరిచాను. ఒక్కొక్కటీ చదివింది. టైలరు దగ్గర ఆగి, "ఒక్క కన్నేనా? తినేటప్పుడేనా? ఎందుకు?" అంది.

అయిపోయింది. ఈయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. పుస్తకం తీశారు. నరం బొమ్మ వేశారు. బయట ముగ్గురు డాక్టర్లు సంజాయిషీల కోసం వెయిట్ చేస్తుంటే, లోపల వీళ్ళిద్దరూ ముప్పావుగంట నోటినీళ్ళ గురించీ కన్నీళ్ళ గురించీ మాట్లాడుకున్నారు.

చివరికి ఆవిడ లెక్క వేసింది. సంతకాలకి అరవై నాలుగు, పాత ఏడు, మొత్తం డెబ్భై ఒకటి. "మీరు తిరిగిచ్చిన ముప్పై ఒక్క సర్టిఫికెట్లు కూడా తెప్పిస్తే ఇవాళే వంద దాటిపోతుంది."

"అవి నాకు అర్థం..."

"సార్, మీరు నోరు మూసుకోండి," అన్నాను.

"...కాలేదు," అని పూర్తి చేశారాయన.

ఆవిడ ఆయన్ని కాసేపు చూసింది. "సరే. ఆర్నెల్లు గడువిస్తున్నాను. ఆ ముప్పై ఒకటీ ప్రణాళికలో పెట్టి అర్థం చేసుకోండి. నెలకోసారి పుస్తకం నాకు తెచ్చి చూపించండి, తోటి డాక్టరుగా నేను సంతకం పెడతాను. ఈ కుర్చీలో పడ్డాక నేను పేషెంటుని చూసి పదకొండేళ్ళయింది. నాకు తెలియనివి మీకంటే ఎక్కువే ఉంటాయి."

"రాసుకున్నారా?" అన్నారాయన ఆత్రంగా.

బోర్డు నిలిచింది. సిస్టరుకి ఫోన్ చేసి చెబితే, "సరేలే, త్వరగా రండి, ఇక్కడ పద్నాలుగు మంది కూర్చున్నారు," అని పెట్టేసింది. పెట్టే ముందు ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

ఇద్దరం నడిచి వస్తున్నాం. నాకు కడుపులో మాట దాచుకోవడం చేతకాదు.

"నా పేజీ చూశాను సార్."

ఆయన చంకలో పుస్తకం సర్దుకున్నారు.

"మీకూ దడ వస్తుందా?"

"వచ్చేది."

"ఇప్పుడు?"

"నువ్వొచ్చినప్పట్నుంచి గమనించడం మర్చిపోయాను. చూసి రాసుకోవాలనుకున్నాను, ఒక్కరోజూ రాయలేదు. అధ్యయనం మొత్తం చెడిపోయింది." నిజంగానే బాధపడుతున్నట్టు తల ఊపారు. "కారణం ఇప్పటికీ తెలియదు."

"ఇందులో తెలియకపోవడానికేముంది సార్? ఇదొక పెద్ద జబ్బని పది నిమిషాలు రాశారు! గదిలో ఒక్కడే ఉంటే ఎవడికైనా వస్తుంది. దీనికి ఈసీజీ కూడానా? ఏం చదువుకున్నారండీ మీరు?"

అనేశాక, మరీ ఎక్కువైందేమో అనిపించింది. చూస్తే ఆయన నడిరోడ్డు మీద ఆగిపోయి ఉన్నారు. వెనకాల ఆటోవాడు హారను కొడుతున్నాడు. ఆయనకి వినబడటం లేదు. ముఖం మాత్రం, మొదటిరోజు నేను తెలియదన్నప్పుడు వెలిగినట్టే వెలిగింది.

"నెలకోసారి తిట్టడానికి మేడం ఒప్పుకుంది," అన్నారు. "నెలకోసారి నాకు చాలదు."

"అయితే?"

"రేపు వచ్చేటప్పుడు ఒక ఎర్ర పెన్ను తీసుకురా."